సొరకాయ మీద గోటి గాటు

పుప్పాలగూడ నుంచి గోపన్‌పల్లి దాకా ఉన్న అపార్టుమెంట్లలో ఇవాళ సొరకాయను పాసు అంటారు. కూరగాయల బండి ముందు నిలబడి "ఒక లేత పాసు ఇవ్వు" అని అడిగితే ఎవరూ వింతగా చూడరు. ఆ పేరు ఎలా వచ్చిందంటే మాత్రం ఎవరి కథ వారికుంది. ఏదో ఆఫీసు క్యాంటీనులో నెల పాసు తీసుకున్నవారికి రోజూ సొరకాయే వడ్డించేవారట, అందుకే ఆ పేరని ఒకరు నాతో అన్నారు. చక్కెర జబ్బువాళ్ళను రక్తపరీక్షలో పాసు చేయించే కాయ అని ఎవరో డాక్టరు హాస్యమాడితే నిలిచిపోయిందని మరొకరు. రెండూ నిజం కావు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, మొదటి పాసును మోసినవాణ్ణి నేనే కావడం. ఎందుకు మోశానో, ఎవరైనా మోయమన్నారో లేదో, ఆ సంగతుల్లో మాత్రం నా సాక్ష్యానికి అంత బలం లేదు.

అది రెండు వేల పదకొండు, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. నేను విశ్వవిద్యాలయంవారి మాండలిక పదకోశానికి చీటీలు రాసే పనిలో ఉండేవాణ్ణి. మాట, దాని అర్థం, విన్న ఊరు, చెప్పిన మనిషి పేరు: ఈ నాలుగూ ఉంటేనే అది చీటీ. ప్రతి మంగళవారం ఆ కట్టను గోపన్‌పల్లి దగ్గరి క్యాంపస్‌లో ఒప్పజెప్పి వచ్చేవాణ్ణి. తక్కిన రోజుల్లో కూరగాయల కోసం తప్ప పుప్పాలగూడలోని నా గది దాటవలసిన పని ఉండేది కాదు.

కూరగాయలు లచ్చమ్మ దగ్గర. ఆమె పాత ఊరి మనిషి, యాభై దాటింది, భర్త లేడు. మా వీధి వెళ్ళి పెద్ద రోడ్డులో కలిసే మూలన ఆమె బండి. ఆ మూల ఆమెకు ఎవరూ రాసిచ్చింది కాదు. పాత ఊరివాళ్ళంతా ఒకనాడు కూర్చుని "ఇది లచ్చమ్మ జాగ" అన్నారు. ఆ మాటే ఆమెకు పట్టా. అన్నవాళ్ళే కాదంటే పోతుంది.

ఆ మంగళవారం పొద్దున స్కూటరు ఆపి కూరగాయలు చూస్తున్నాను.

"ఆనిగెపుకాయ తీస్కోండ్రి సారూ, ఇప్పుడే తెంపుకొచ్చిన. గోపన్‌పల్లికేనా?" అంది లచ్చమ్మ.

మంగళవారమని ఆమెకు తెలుసు. నేను తలూపి ఒక సొరకాయ తీసుకున్నాను. మోచేయి పొడవున్న కాయ. సంచి నిండా చీటీలే ఉండటంతో అది పట్టలేదు. స్కూటరు మీద కాళ్ళ దగ్గర, ఎదురుగా వచ్చేవాళ్ళకు కనబడేటట్టు, నిలువుగా నిలిచింది. నిలబెట్టింది నేనా, ఆమెనా? "కనవడేటట్టు పెట్టుకో సారూ" అన్న మాట నా చెవిలో ఉంది. గొంతు ఆమెదే. ఆ మాట ఆ రోజు అన్నదో, అంతకుముందెప్పుడో గుమ్మడికాయ కొన్నప్పుడు పగులుతుందని అన్నదో, ఆనాటికీ ఈనాటికీ నాకు తేలలేదు.

పెద్ద రోడ్డు ఎక్కగానే అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడుకు అవతల రోడ్డు నడిమధ్య మూడు రాళ్ళ పొయ్యిలు, వాటి మీద పెళ్ళి గుండిగలు. ఆడవాళ్ళు బారుగా కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. దాన్ని వంటావార్పు అనేవారని నాకు తర్వాత తెలిసింది. రోడ్డు మీదే వండి, వరసగా కూర్చుని అక్కడే తిని, దారి మూయడం. బియ్యమో పప్పో కూరగాయో ఎవరికి తోచింది వారు తెచ్చి ఇవ్వాలి. ప్రతి కూడలిలోనూ ఒక వంట నడిచేది. ఆ ఉదయం నాకు ఇవేవీ తెలియవు. కార్లు, బైకులు బారులు తీరి ఉన్నాయి. వెనక్కి తిరిగిపోదామనుకునేలోగా మెడలో కండువా వేసుకున్న ఒక పెద్దావిడ నా స్కూటరు దగ్గరికి వచ్చింది.

ఆమె పేరు కిష్టమ్మ, లచ్చమ్మకు ఆడబిడ్డ. వంగి, సొరకాయ మెడ దగ్గర బొటనవేలి గోరు గుచ్చి చూసింది.

"లేతగున్నది," అంది. "మాది పొయ్యెక్కింది సారూ, ముందటోళ్లకు ఇయ్యిండ్రి." తాడు పైకెత్తింది.

నాకేమీ అర్థం కాలేదు. ఏది ఇవ్వాలి? ఎవరికి? అడిగేలోగా వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. తాడు కిందనుంచి వచ్చేశాను. నానక్‌రామ్‌గూడ దగ్గర మరో తాడు ఉంది. అక్కడి మనిషి కాయ వంక చూసి, "తినుడు గూడ షురూ అయింది, ముందుకు వోండ్రి" అని దారిచ్చాడు. గోపన్‌పల్లి దగ్గర అడిగేవాళ్ళే లేరు, అందరూ విస్తళ్ళ ముందు ఉన్నారు. క్యాంపస్‌లో ఆఫీసుకు తాళం వేసి ఉంది. గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని సాయంత్రం దాకా చీటీలు సరిచూసుకున్నాను. తిరిగి వచ్చేటప్పటికి తాళ్ళు లేవు, రోడ్డు మధ్య బూడిద ఉంది. కాయ నాతోనే ఇంటికి వచ్చింది. దాన్ని శనగపప్పు వేసి వండుకున్నాను. తింటున్నంతసేపూ, అంతమందిని ఆపి నన్ను ఎందుకు వదిలారన్నదే ఆలోచన.

మర్నాడు పొద్దున్నే తలుపు తట్టినవాడు సందీప్. కింది అంతస్తులో అద్దెకుంటాడు, అనంతపురం వాళ్ళు, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వెనక అతని భార్య తేజస్విని కూడా ఉంది.

"పెద్దన్న సార్, నిన్న తాడుకాడ మీ వెనకాల నేనే ఉంటి. మిమ్మల్ని ఎట్ల వదిలినారు?"

"తెలియదు."

"వాళ్ళతో ఏం చెప్పినారు?"

"ఏమీ చెప్పలేదు."

"మరి మీకాడ ఏముండె?"

"సొరకాయ."

సందీప్ భార్య వైపు తిరిగాడు. "నేను చెప్పలే? కూరగాయలుంటే వదుల్తారు. పాలు, కూరగాయలు, ఆసుపత్రి. రూలు అది."

"అట్ల ఉంటుందని నేను చెప్పలేను," అన్నాను.

"ఈయప్పకు చెప్పినా ఇనడు సార్," అంది తేజస్విని. "పెండ్లయి నాలుగేండ్లాయ. సొరకాయ తెమ్మంటే ఒక్క దినం తెచ్చిన పాపాన పోలే. ఈ పొద్దు ఆఫీసుకు ఎత్తకపోతాడంట."

ఆ పొద్దు అతను ఎత్తుకుపోయాడు. ల్యాప్‌టాప్ సంచిలోంచి కాయ మెడ బయటికి కనబడేటట్టు పెట్టుకున్నాడు. కిష్టమ్మ గోరు గుచ్చి చూసి, ముందటి వాళ్ళకు ఇవ్వమని వదిలింది. ప్రతి కూడలివాళ్ళూ ఆ కాయ తర్వాతి కూడలి వంటకు పోతున్నదనే అనుకున్నారు. అలా అది హైటెక్ సిటీ దాకా వెళ్ళి, సాయంత్రం ఇంటికి వచ్చి, ఫ్రిజ్‌లో పడుకుంది.

సందీప్ ఆఫీసులో చెప్పాడు. గురువారానికి మా వీధిలో ఎవరు ఎవరికి ఫోను చేసినా మొదటి మాట "పాసు తీసుకున్నావా?" అయింది. లచ్చమ్మ బండి మీద వంకాయ వాడిపోయింది, టమాట మెత్తబడింది, సొరకాయ మాత్రం పది గంటలకల్లా ఖాళీ. కొందరి కాయలను తాడు దగ్గరే వంటకు తీసుకునేవారు. వాళ్ళు మర్నాడు మళ్ళీ కొనేవారు. తీసుకోనివాళ్ళు అదే కాయతో మళ్ళీ బయలుదేరేవారు. తాడు దగ్గరి ఆడవాళ్ళు మురిసిపోయారని తర్వాత విన్నాను. "సాఫ్ట్‌వేరోళ్లు గూడ మన దిక్కొచ్చిన్రు. ఒక్కొక్కడు ఆనిగెపుకాయ మోస్తుండు సూడుండ్రి," అని కిష్టమ్మ ఊరంతా చెప్పుకుందట.

నాకు అప్పటికి గాని విషయం బోధపడలేదు. మంగళవారం నా చేతిలో ఉన్నది నా కూర కాదు, వాళ్ళకు చేరవలసిన చందా. వాళ్ళు అలాగే అనుకున్నారు. నేను తినేశాను. ఇది ఎవరికైనా చెప్పాలా, చెబితే ఎవరికి చెప్పాలి, ఇప్పుడు చెబితే లాభమా నష్టమా అని గురువారమంతా ఆలోచించి, ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం జరిగినదాన్ని తేజస్విని చెప్పగా విన్నాను. ఆ పొద్దు ఆమె కూడా భర్త బైకు వెనక ఉంది.

సొరకాయను గోరు గుచ్చి చూడకుండా కొనే ఇల్లాలు మన వైపు అరుదు. గోరు దిగితే లేత, దిగకపోతే ముదురు. సందీప్‌కు తెలియనిది, గుచ్చిన గాటు పోదని. రెండు రోజులకు అది గోధుమరంగుకు తిరిగి మరింత స్పష్టంగా కనబడుతుంది. పైగా కిష్టమ్మ కుడి బొటనవేలి గోరు ఎప్పుడో కత్తిపీట తగిలి నడిమికి చీలింది. ఆమె గుచ్చితే గాటు రెండు తునకలుగా పడుతుంది.

కిష్టమ్మ సందీప్ సంచిలోంచి కాయ తీసి, గోరు గుచ్చబోయి ఆగింది. కాయను వెలుగుకు తిప్పి చూసింది.

"ఇది నా గోరు," అంది.

"ఏం గోరమ్మా?" అన్నాడు సందీప్.

"బుధారం గుచ్చిన. ఇయ్యాల శుక్రారం. గీ కాయ ఎక్కడెక్కడ తిరిగొచ్చింది బిడ్డా?"

తాడు దగ్గర ఉన్న సంచులన్నీ విప్పించారు. కాయల మెడల మీద చీలిన గాట్లు ఒకటి తర్వాత ఒకటి బయటపడ్డాయి. ఎవరూ అరవలేదని, అందుకే ఎక్కువ భయమేసిందని తేజస్విని చెప్పింది. కిష్టమ్మ మాత్రం కాయలన్నీ వరసగా రోడ్డు మీద పెట్టించి, చాలాసేపు వాటి వంకే చూసిందట.

"ఇస్తమని పట్టుకపోయి, ఇంట్ల దాసుకున్నరా? ఎవలు నేర్పిన్రు మీకీ తెలివి? కాయలు యాడ కొన్నరు?"

"లచ్చమ్మ దగ్గర. పాసు అని అడిగితిమి," అన్నాడు సందీప్.

"పాసు అని అడిగితే ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"ఎందుకని అడగలేదా?"

"అడగలేదు."

ఆ మాటతో లచ్చమ్మ పని అయిపోయింది. సొంత ఆడబిడ్డే, ఆదివారం పొద్దున ఊరివాళ్ళంతా కూర్చుని ఆ జాగ సంగతి తేలుస్తామని కబురు పంపింది. ఉద్యమాన్ని బండి మీద పెట్టి అమ్ముకున్నదానికి ఊరి జాగ ఎందుకన్నది వాళ్ళ మాట.

శనివారం లచ్చమ్మ నా గదికి వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"సారూ, మొట్టమొదలు పట్టుకపోయింది నువ్వే గద. రేపు జర వచ్చి చెప్పు. లచ్చమ్మ చెయ్యలే, నేనే చేసిన అని చెప్పు."

"చెబుతాను. కానీ లచ్చమ్మా, ఆ కాయను కనబడేటట్టు పెట్టుకొమ్మని నువ్వు అన్నావా?"

"నేనెందుకంట?"

"ఆ మాట నాకు గుర్తున్నట్టుంది."

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "ఇరవై మందికి ఇరవై మాటలు చెప్త రోజు. ఏది ఎవలకు చెప్పిన్నో నాకెరుకనా? నువ్వు సదువుకున్నోనివి, నీకు యాదుంటె చెప్పు, లేకుంటె లేదు." కొంచెం ఆగి, "ఆ జాగ పోతే గీ వయసుల నేను బాలానగర్ పోయి ఏ కార్ఖాన ఊడ్వాలె సారూ," అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నా దినచర్య పుస్తకం తీసి చూశాను. మంగళవారం కింద నా రాతలోనే ఉంది: "సొరకాయ ఒకటి. రోడ్డు మీద తాడు. ఎందుకు వదిలారో తెలియదు." లచ్చమ్మ అన్న మాట ఏదీ లేదు. ఆ మాట అనలేదు గనుక రాయలేదా, ముఖ్యం కాదనుకుని రాయలేదా? ఆమెకు మంగళవారం నేను ఎటు పోతానో తెలుసు. తాడు సంగతీ ముందే తెలిసి ఉండాలి, ఆడబిడ్డే కట్టింది గదా. తెలిసి నాకు మేలు చేయబోయిందా? అలాగైతే అది మేలా, మోసమా? ఏమీ తెలియక కాయ వాలిపోకుండా నిలబెట్టిందా? అసలు నిలబెట్టింది నేనేనా? ఎన్నిసార్లు గుర్తుకు తెచ్చుకున్నా ఆ స్కూటరు మీద కాయ దానంతట అదే నిలబడి ఉంది. పక్కన ఎవరి చేతులూ కనబడలేదు.

ఆదివారం పొద్దున రోడ్డు పక్కన షామియానా వేశారు. పొయ్యిలు రాజేస్తున్నారు. పాత ఊరివాళ్ళు ఒకవైపు, మా వీధివాళ్ళు మరోవైపు. సందీప్, తేజస్విని చివర కూర్చున్నారు. లచ్చమ్మ తన బండిని తానే తోసుకుని వచ్చి మధ్యలో నిలబెట్టింది. తీర్పు అయ్యాక ఎటు తోసుకుపోవాలో అప్పుడే తెలుస్తుందన్నట్టుగా దాని చక్రం కింద రాయి కూడా పెట్టలేదు.

నేను లేచి, "మంగళవారం ఉదయం సుమారు తొమ్మిది గంటల సమయంలో, పై కూడలికి నైరుతి దిశగా ఉన్న లచ్చమ్మగారి బండి వద్ద..." అని మొదలుపెట్టాను.

"సారు రేడియోల వార్తలు చెప్తుండు," అన్నారెవరో. నవ్వులు లేచాయి. కిష్టమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఒక్కటే చెప్పు సారూ. కాయ కనవడేటట్టు పెట్టుకొమ్మని లచ్చమ్మ చెప్పిందా, లేదా?"

లచ్చమ్మ నా వైపు చూడలేదు. పొయ్యి వైపు చూస్తున్నది. లేదు అంటే చాలు, ఆమె జాగ ఆమెకుంటుంది. ఆ ఒక్క మాట నా నోటి దాకా వచ్చింది. అది నిజమే అయి ఉండవచ్చు. నిజమేనని మాత్రం నాకు తెలియదు.

"తెలియదు," అన్నాను.

రెండు వైపులా గొణుగుడు మొదలైంది. లచ్చమ్మ భుజాలు కిందికి దిగాయి.

"తెల్వదంటె ఏంది?" అంది కిష్టమ్మ.

"ఆ మాట నా చెవిలో ఉంది. ఎప్పటిదో తెలియదు. తెలియనిదాన్ని ఎటువైపూ చెప్పలేను. తెలిసినది చెబుతాను. నా కాయ మీద మీరు గోరు గుచ్చి, ముందటివాళ్ళకు ఇవ్వమన్నారు. అర్థం కాకపోతే అడగాలి. నేను అడగలేదు. ఇవ్వలేదు. ఇంటికి తీసుకుపోయి వండుకున్నాను. అదే చూసి వీళ్ళంతా మోశారు. ఆమె కాయ అమ్మింది. ఇవ్వవలసిన చోట ఇవ్వనిది మోసినవాళ్ళం."

"ఏమేసి వండుకున్నవ్?" అని అడిగింది కిష్టమ్మ.

"శనగపప్పు వేసి."

"ఉడికిందా మంచిగ?"

"ఉడికింది. ఉప్పు తక్కువైంది."

ఈసారి నవ్వు మొదట పాత ఊరివైపు నుంచి వచ్చింది. కిష్టమ్మ నవ్వలేదు గానీ, ముఖం కొంచెం వదులైంది.

"ఉడుకుతది. లేత కాయ అది, నేను గుచ్చిన గద," అంది. తర్వాత తన వాళ్ళ వైపు తిరిగింది. "సారు చెప్పింది నాకైతే సబబే అనిపిస్తుంది. అమ్మినామె అమ్మింది. ఇస్తమని మోసి ఇయ్యనోళ్లదే కత. మోసినోళ్లందరు తలా ఒక కాయ తెచ్చి, ఈడ కూసోని కోసి, మాతోని తిని పోవాలె. అప్పటిదాంక ఎవ్వరు తాడు దాటొద్దు."

"జాగ సంగతేంది మరి?" అని ఒక ముసలాయన అడిగాడు.

"గిన్ని కాయలు యాడికెల్లి తెస్తరే? లచ్చమ్మ అక్కడుంటెనే గద." కిష్టమ్మ బండి వైపు చూడకుండానే అంది, "చక్రం కింద రాయి పెట్టుండ్రి, దొర్లిపోతది."

రాయి పెట్టింది సందీప్. తర్వాత అతను సొరకాయను చెక్కు తీయకుండానే ముక్కలు కోయబోయాడు. "రెండు దినాలు ఫ్రిజ్‌లో పెట్టుకుని పండుకుంటివి, దానికి తోలుందని చూడలేదా?" అని తేజస్విని కత్తి లాక్కుంది. పక్కన కూర్చున్న పాత ఊరి ఆడవాళ్ళు కత్తులు పక్కన పెట్టి మరీ నవ్వారు. నేను కూడా ఒక కాయ కోశాను. వరసలో కూర్చుని తిన్నాను. ఉప్పు సరిపోయింది.

మళ్ళీ మంగళవారం వచ్చింది. సమ్మె సాగుతూనే ఉంది. లచ్చమ్మ తన మూలనే ఉంది. నేను సొరకాయ అడిగాను. ఆమె ఒకటి తీసి, నాకు ఇచ్చే ముందు దాని మెడ మీద తన గోరు బలంగా గుచ్చింది.

"ఎందుకు?" అన్నాను.

"ఎవల కాడికెల్లి పోయిందో దాని మీదనే ఉండాలె సారూ. ఇగ ఎవల యాదితోని నాకు పని లేదు."

తర్వాత, నేను చెయ్యి చాపేలోగా, కాయను ఆమే తెచ్చి స్కూటరు మీద చీటీల సంచి కింద అడ్డంగా, పైకి ఏమాత్రం కనబడకుండా పెట్టింది. ఏ మాటా అనలేదు. పోయిన వారం నిలబెట్టిన చెయ్యే ఇది అనుకున్నాను. పోయిన వారం అసలు చెయ్యి పెట్టలేదు గనుకనే ఈసారి జాగ్రత్తపడుతున్నదని వెంటనే అనుకున్నాను. రెండూ ఒక్కలాగే పొసిగాయి.

తాడు దగ్గర కిష్టమ్మ, "సంచి కింద ఏంది సారూ?" అంది. తీసి ఇచ్చాను. ఆమె గోరు గుచ్చబోయి, అక్కడ అప్పటికే ఉన్న గాటు చూసి, అది ఎవరిదో పోల్చుకుని, తన గోరు వెనక్కి తీసుకుంది. కాయను తరిగేవాళ్ళ వైపు అందించి తాడెత్తింది. నేను ముందుకు పోలేదు. క్యాంపస్‌కు తాళమని తెలుసు. స్కూటరు పక్కన పెట్టి, ఏమైనా కోయాలా అని అడిగాను.

ఇప్పటికీ లచ్చమ్మ అమ్మే ప్రతి సొరకాయ మీదా ఆమె గోటి గాటు ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు, కాయ పాడుచేసి ఇస్తావేమిటని తగవుపడతారు. ఆమె వాళ్ళకు ఏమీ చెప్పదు.

పాసు అన్న మాటకు నేను చీటీ రాశాను. మాట ఉంది, అర్థం ఉంది, విన్న ఊరు ఉంది. చెప్పిన మనిషి పేరు రాయవలసిన చోట మాత్రం చాలాసార్లు కలం పెట్టి తీశాను. ఆ చీటీని కట్టలో కలపలేదు. అది నా దగ్గరే ఉంది.